తవ్వకుండానే నేల లోతు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా ఊళ్లో గుట్ట మీద రాయి పైకే కనిపిస్తుందండి. రాజోలులో మా అమ్మమ్మగారింట్లో బోరు వేస్తే ఇసుక, బంకమన్ను తప్ప రాయి తగల్లేదు. రాయి ఎక్కడికి పోయింది? తవ్వకుండానే నేల లోపల ఏముందో కంప్యూటర్‌తో తెలుసుకోవచ్చని మా సారు చెప్పారు. కంప్యూటర్‌కి నేల లోపలికి ఎలా కనిపిస్తుందండి? — ఎనిమిదో తరగతి విద్యార్థిని, ధవళేశ్వరం

జవాబు: నువ్వు అడిగింది రెండు ప్రశ్నలు తల్లీ. రాయి ఎక్కడికి పోయిందన్నది మొదటిది. కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందన్నది రెండోది. మొదటిది తేలితే గానీ రెండోది అర్థం కాదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

రాయి ఎక్కడికీ పోలేదు, కిందికి దిగింది. మీ ఊరి గుట్టలో ఉన్నది ఇసుకరాయి. రాజమండ్రి ఇసుకరాయి అనే పేరుతోనే భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. 1847లో కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు రాయి తీసింది మీ ఊరి గుట్టల నుంచే. ఆనకట్టకు మీ ఊరినే ఎంచుకోవడానికి రాయి చేతికి అందేంత దగ్గరలో ఉండడం ఒక కారణం. నది దాటి అవతలి వైపు కొవ్వూరు దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీలకు వెళ్తే నల్లరాయి కనిపిస్తుంది. అది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా, గట్టిపడి బసాల్ట్ అయింది. అలాంటిదే ఇవతలి వైపు రాజమండ్రి పక్కన కాతేరులోనూ ఉంది. ఇంకా ఎగువకు పాపికొండల దాకా వెళ్తే, వీటన్నిటికంటే ఎంతో పాతదైన ఖొండలైట్ అనే కొండరాయి వస్తుంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి సముద్రం వైపు నడువు. కొండరాయి వాలుగా నల్లరాయి కిందికి పోతుంది. నల్లరాయి ఇసుకరాయి కిందికి పోతుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. అక్కడి నుంచి ఇసుకరాయి కూడా ఒండ్రు కిందికి పోతుంది. రాజోలు చేరేసరికి పై పొరలన్నీ నది తెచ్చి పోసినవే. బోరు ఎంత వేసినా ఇసుక, బంకమన్నే వచ్చింది అందుకే.

ఈ వాలు నున్నగా ఉండదు. పదమూడు కోట్ల ఏళ్ల కిందట, అటూ ఇటూగా, అంటార్కిటికాతో కలిసి ఉన్న మన నేల విడిపోయింది. ఆ లాగుడుకి అడుగున ఉన్న గట్టి రాయి ముక్కలుగా పగిలింది. కొన్ని దిమ్మెలు కిందికి జారాయి, కొన్ని పైనే నిలబడ్డాయి. జారినచోట లోయలు, నిలిచినచోట గట్లు ఏర్పడ్డాయి. తరవాత నదులు ఆ లోయల్ని మట్టితో పూడ్చేశాయి. తణుకు కింద అలా నిలిచిపోయిన గట్టు ఒకటి ఉంది. దానికి అటూ ఇటూ పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి ఉపబేసిన్లు అని పిలిచే రెండు లోయలున్నాయి. పైన వరిచేలు సమంగా పరుచుకుని కనిపిస్తున్నా, వాటి కింద ఇలాంటి కొండలూ లోయలూ పూడుకుపోయి ఉన్నాయి. మనం తెలుసుకోవలసింది ఆ పూడిపోయిన నేల ఆకారమే.

ఇక రెండో ప్రశ్న. కంప్యూటర్‌కి నేల లోపల ఏమీ కనిపించదు. అది చేసేది లెక్క. ఆ లెక్కకు కావలసిన కొలతలు మాత్రం మనుషులు ఊరూరా తిరిగి, నేల పైనే నిలబడి తెస్తారు. ఆ కొలతలు ముఖ్యంగా రెండు రకాలు: భూమి ఎంత బలంగా లాగుతోంది, భూమి అయస్కాంత బలం ఎంత ఉంది.

ముందు లాగుడు సంగతి. చేపల మార్కెట్లో కొక్కేనికి చేప తగిలించి తూచే స్ప్రింగు కాటా చూసే ఉంటావు. భూమి చేపను లాగితే స్ప్రింగు సాగుతుంది. అదే చేపను ఇంకా బలంగా లాగేచోటికి తీసుకెళ్తే స్ప్రింగు ఇంకాస్త సాగుతుంది. గ్రావిమీటర్ అనే పరికరం లోపల ఉన్నదీ ఇదే, చిన్న బరువు, దాన్ని పట్టుకున్న అతి సున్నితమైన స్ప్రింగు. ఆ బరువులోని ద్రవ్యరాశి మారదు కాబట్టి స్ప్రింగు సాగుడులో తేడా వస్తే అది భూమి లాగుడులో వచ్చిన తేడాయే.

తేడా ఎందుకొస్తుంది? ప్రతి వస్తువూ ప్రతి వస్తువునూ లాగుతుంది. నీ కాళ్ల కింద బరువైన రాయి ఉంటే కాస్త ఎక్కువ లాగుతుంది, తేలికైన మట్టి ఉంటే కాస్త తక్కువ. ఒక ఘన సెంటీమీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి. తడి ఒండ్రు సుమారు రెండు గ్రాములు, ఇసుకరాయి రెండుంపావు గ్రాముల దగ్గర, కొండరాయి 2.7 గ్రాములు లేదా ఇంకాస్త ఎక్కువ, పంగిడి నల్లరాయి 2.9 గ్రాముల దాకా తూగుతాయి. కొండరాయి పైకి ఉన్నచోట లాగుడు ఎక్కువ, లోయలో ఒండ్రు మందంగా నిండినచోట తక్కువ.

ఈ తేడా ఎంత చిన్నదో చెబితే ఆశ్చర్యపోతావు. లాగుడును మిల్లీగాల్ అనే ప్రమాణంలో కొలుస్తారు. మన ప్రాంతంలో భూమి మొత్తం లాగుడు 9 లక్షల 78 వేల మిల్లీగాళ్లకు పైన ఉంటుంది. కొండరాయి కంటే ఘన సెంటీమీటరుకు 0.4 గ్రాము తేలికైన మట్టి, ఒక కిలోమీటరు మందాన విశాలంగా పరుచుకుని ఉంటే, దాని వల్ల తగ్గేది 17 మిల్లీగాళ్లు. అంటే 50 కిలోల బియ్యం బస్తా ఒక గ్రాము కూడా తగ్గదు. మామూలు కాటాకు అందే తేడా కాదిది. గ్రావిమీటర్ మాత్రం మిల్లీగాల్‌లో వందో వంతును కూడా పట్టుకుంటుంది. మొత్తం లాగుడులో అది దాదాపు పది కోట్లలో ఒక వంతు!

అంత సున్నితమైన పరికరంతో ఒక చిక్కు ఉంది. దానికి నేల కింద రాయి ఒక్కటే తెలియదు, అన్నీ తెలుస్తాయి. పరికరాన్ని ఒక మీటరు ఎత్తుకు లేపితే భూమి కేంద్రానికి అంత దూరమైనందుకే 0.3 మిల్లీగాల్ తగ్గుతుంది. అంటే ఏటిగట్టు ఎక్కినా, కాలవ పక్కన పల్లంలోకి దిగినా రీడింగు మారిపోతుంది. అందుకే కొలిచిన ప్రతిచోటా సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామో సెంటీమీటర్లలో తెలియాలి. మరో సంగతి, భూమి తిరుగుతోంది కాబట్టి, నడుము దగ్గర ఉబ్బి ఉంది కాబట్టి, ధ్రువాల దగ్గర కంటే భూమధ్యరేఖ దగ్గర లాగుడు తక్కువ. మన దగ్గర ఒక కిలోమీటరు దక్షిణానికి జరిగితే 0.45 మిల్లీగాల్ తగ్గుతుంది. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా వెళ్తే ఈ ఒక్క కారణానికే 30 మిల్లీగాళ్లు తగ్గిపోతాయి. మనం వెతికే లోయ చూపించే తేడా కూడా ఇంతే ఉండొచ్చు. దాన్ని తీసేయకుండా పటం గీస్తే లేని లోయ ఒకటి సముద్రం దాకా కనబడుతుంది. సూర్యచంద్రుల లాగుడు కూడా గంట గంటకూ మారుతుంది. స్ప్రింగు తనంతట తాను సాగుతుంటుంది, అందుకని రోజులో కొన్నిసార్లు మొదట కొలిచిన చోటికే తిరిగి వచ్చి మళ్లీ కొలుస్తారు. పాపికొండల్లో అయితే పక్కనున్న కొండలు పరికరంలోని బరువును పైకి లాగుతాయి, దాన్నీ లెక్కకట్టాలి. కోనసీమ చదునుగా ఉండడం వల్ల ఈ చివరి బాధ దాదాపు ఉండదు.

ఇవన్నీ తీసేశాక మిగిలేదే నేల కింద రాళ్ల సంగతి చెబుతుంది. అందులోనూ ఇంకొకటి కలిసి ఉంటుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ భూమి పైపొట్టు పలచబడుతుంది, దాని కింద ఉన్న బరువైన పొర పైకి వస్తుంది, లాగుడు నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. ఆ నెమ్మది పెరుగుదలను వేరుచేశాకే, దాని మీద ఉన్న చిన్న ఎత్తుపల్లాలు బయటపడతాయి. ఎంత తీసేయాలి, ఎంత ఉంచాలి అన్నది మనిషి వివేకంతో తేల్చవలసిన విషయం. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టంగా కనిపించేది ఇదే. ఇక్కడ పొరపాటు జరిగితే తరవాత వచ్చే ఏ కంప్యూటరూ దాన్ని సరిచేయలేదు.

ఇప్పుడు అయస్కాంతం సంగతి. ఒక పని చేసి చూడు. ఏటి ఒడ్డున ఎండిన ఇసుకలో ఒక అయస్కాంతాన్ని అటూ ఇటూ తిప్పు. నల్లని రేణువులు వచ్చి అంటుకుంటాయి. వాటిలో ముఖ్యమైనది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. ఎగువన ఉన్న రాళ్లు అరిగి వచ్చినవే అవి. నల్లరాయిలో ఈ ఖనిజం ఎక్కువ, ఇసుకరాయిలో, ఒండ్రులో చాలా తక్కువ. భూమికి ఉన్న అయస్కాంత బలం మన దగ్గర 40 వేల నానోటెస్లాలకు పైమాటే. కింద నల్లరాయి ఉన్నచోట అది పదుల్లోనో వందల్లోనో మారుతుంది. మాగ్నటోమీటర్ అనే పరికరం దాన్ని కొలుస్తుంది. ఆ పరికరం పట్టుకున్నవాళ్లు జేబులో తాళంచెవి కూడా ఉంచుకోరు. కరెంటు తీగలకు, ఇనుప వంతెనలకు, ఇనుప గొట్టాలు దింపిన బావులకు దూరంగా నిలబడతారు. విమానం నుంచి కొలిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

మన నల్లరాయికి ఒక విశేషం ఉంది. లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్, ఆనాటి భూమి అయస్కాంత దిశను తనలో అలాగే నిలుపుకుంటుంది. భూమి ఉత్తర దక్షిణ ధ్రువాలు చరిత్రలో ఎన్నోసార్లు తారుమారయ్యాయి. రాజమండ్రి లావాల్లో కింది పొర చల్లారినప్పుడు ధ్రువాలు ఇప్పటికి తలకిందులుగా ఉన్నాయి, పై పొర చల్లారేనాటికి మామూలుగా మారాయి. పైగా ఆనాడు మన నేల భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. కాబట్టి పక్కపక్క పొరలు కూడా పరికరానికి వేరువేరు కథలు చెబుతాయి. ఇదంతా తెలియనివాళ్లు, ‘అయస్కాంత బలం తగ్గింది కాబట్టి ఇక్కడ నల్లరాయి లేదు’ అనేస్తారు. రాయి అక్కడే ఉంటుంది, వ్యతిరేక దిశలో అయస్కాంతమై ఉంటుంది. ఈ లావా పడమటి కనుమల వైపు నుంచి, ఆనాటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని చాలామంది భూశాస్త్రజ్ఞుల అభిప్రాయం. పంగిడి క్వారీ ముందు నిలబడి ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కొలతలు చేతికి వచ్చాయి. ఇక కంప్యూటర్ పని చూద్దాం.

నేలను కంప్యూటర్‌లో నిలువు దిమ్మెలుగా కోసుకుంటాం. ఒక్కొక్కటి ఓ కిలోమీటరు వెడల్పు అనుకో. ప్రతి దిమ్మెలోనూ పైన మట్టి, కింద కొండరాయి. మట్టి ఎంత లోతు దాకా ఉందో మనకు తెలియదు. అందుకని ఒక ఊహతో మొదలుపెడతాం. రాజోలు దగ్గర లాగుడు 34 మిల్లీగాళ్లు తగ్గిందనుకో, ఇది నీకు చెప్పడానికి తీసుకున్న అంకే. కిలోమీటరుకు 17 అన్నాం కదా, అంటే రెండు కిలోమీటర్ల మట్టి. ప్రతి దిమ్మెకూ ఇలాగే ఒక లోతు వేస్తాం. ఇప్పుడు కంప్యూటర్‌ని ఎదురు ప్రశ్న అడుగుతాం: నేల నిజంగా ఇలాగే ఉంటే, పైన నిలబడినవాడి గ్రావిమీటర్ ఎంత చూపించాలి? కంప్యూటర్ అన్ని దిమ్మెల లాగుడూ కలిపి, 29 చూపించాలంటుంది. ఎందుకు తగ్గింది? 17 అన్న లెక్క మట్టి నాలుగు దిక్కులా అంతులేకుండా పరుచుకుంటేనే సరిపోతుంది. నిజానికి లోయకు ఒడ్డులున్నాయి, అక్కడ బరువైన రాయి ఉంది. కొలిచింది 34, లెక్కకు వచ్చింది 29. ఇంకా 5 మిగిలాయి. ఐదును పదిహేడుతో భాగిస్తే సుమారు 0.3. కాబట్టి ఆ దిమ్మెలో లోతును 2.3 కిలోమీటర్లు చేస్తాం. పక్క దిమ్మెలనూ వాటి తేడాల ప్రకారం సవరిస్తాం. మళ్లీ లెక్క, మళ్లీ సవరణ. కొలిచినదానికీ లెక్కకూ తేడా పరికరం పొరపాటంత చిన్నదయ్యేదాకా ఇలా తిరుగుతుంది.

ఈ పద్ధతిని ఇంగ్లండులో మార్టిన్ బాట్ 1960లో ప్రచురించాడు. అంతకు ముందు ఏడాది, మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మాణిక్ తల్వానీ, తన సహచరులతో కలిసి, రాయి ఏ వంకర ఆకారంలో ఉన్నా దాని అంచుల్ని సరళరేఖలుగా తీసుకుని లాగుడు లెక్కకట్టే దారి చూపించాడు. చేత్తో చేస్తే రోజులు పట్టే ఆ కూడికలు కంప్యూటర్ వచ్చాక క్షణాల్లో అయిపోయాయి. ఊహించి, లెక్కకట్టి, సవరించడం అప్పటినుంచే తేలికైంది.

మన తెలుగువాళ్ల చేయి పడింది ఇక్కడే. ఇందాక మట్టి కొండరాయి కంటే 0.4 గ్రాము తేలిక అని ఒకే అంకె వాడాం. అది నిజం కాదు. లోతుకు వెళ్లేకొద్దీ పైబరువుకు మట్టి నొక్కుకుపోయి, నీళ్లు పిండుకుపోయి, గట్టిపడుతుంది. రెండు మూడు కిలోమీటర్ల లోతున ఆ తేలికదనం చాలా తగ్గిపోతుంది. కింది మట్టికి కొండరాయితో తేడా అంత తక్కువైతే, అదే 34 మిల్లీగాళ్లు తగ్గాలంటే మట్టి ఇంకా మందంగా ఉండాలి. ఒకే అంకె వాడితే లోయ అసలు కంటే లోతు తక్కువగా కనిపిస్తుంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూభౌతిక శాస్త్రజ్ఞులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఐ.వి. రాధాకృష్ణమూర్తి, డి. భాస్కరరావు కలిసి 1979లో, సాంద్రత లోతుతోపాటు మారుతూ పోతే లాగుడు ఎలా లెక్కకట్టాలో ప్రచురించారు. 1986లో భాస్కరరావు, ఆ మార్పును ఒక వర్గ సమీకరణంగా తీసుకుని, పూడిన లోయల లోతు కట్టే పద్ధతి ఇచ్చారు. తరవాత వి. చక్రవర్తి అదే దారిలో పరావలయాకారపు సూత్రాన్ని తీసుకుని, పొడవు వెడల్పు లోతు మూడూ కలిసిన లెక్కల దాకా తీసుకెళ్లారు. నువ్వు పదో తరగతిలో నేర్చుకోబోయే వర్గ సమీకరణం నీ కాళ్ల కింద నేలను లెక్కకట్టడానికి పనికొచ్చింది!

ఇక్కడ ఒక ముఖ్యమైన సందేహం నీకు రావాలి. 0.4 గ్రాము తేలికైన మట్టి ఒక కిలోమీటరు మందాన ఉంటే 17 మిల్లీగాళ్లు తగ్గుతాయి. 0.2 గ్రాము తేలికైనది రెండు కిలోమీటర్ల మందాన ఉన్నా సరిగ్గా 17 తగ్గుతాయి. పైన నిలబడి కొలిచేవాడికి రెండూ ఒక్కటే. అప్పుడు కంప్యూటర్ రెండింటిలో ఏది చెప్పాలి? అది ఏదో ఒకటి చెబుతుంది, రెండూ దాని దృష్టిలో సరైనవే. కొలతలకు సరిపోయే నేలలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో నిజమైనదాన్ని ఏరాలంటే బయటి సాక్ష్యం కావాలి.

మన దగ్గర ఆ సాక్ష్యం చాలా ఉంది. క్వారీల్లో, గుట్టల మీద రాయిని కోసి తెచ్చి ప్రయోగశాలలో తూచి సాంద్రత కనుక్కోవచ్చు. 1978లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ అన్వేషణ బావి తవ్వడం మొదలుపెట్టింది మొదలు, కృష్ణా గోదావరి బేసిన్‌లో ఎన్నో బావులు పడ్డాయి. పైన పంగిడిలో కనిపించే నల్లరాయే డెల్టా కింద లోతున ఆ బావుల్లో తగిలింది. మీ అమ్మమ్మగారి ఊరి పేరు మీదే ఆ పొరను వాళ్లు రాజోలు ఫార్మేషన్ అంటారు. ఇంటి బోరుకు అందనంత లోతులో ఆ నల్లరాయి అక్కడే ఉంది తల్లీ.

ఆ నల్లరాయే లెక్కకు పరీక్ష పెడుతుంది. మధ్యలో 200 మీటర్ల నల్లరాయి పలక ఉందనుకో. చుట్టూ ఉన్న మట్టిరాళ్ల కంటే అది ఘన సెంటీమీటరుకు అర గ్రాము బరువు. దాని వల్ల లాగుడు సుమారు 4 మిల్లీగాళ్లు పెరుగుతుంది. ఈ సంగతి చెప్పకుండా లాగుడు ఒక్కటే కంప్యూటర్‌కి ఇస్తే, కొండరాయి పైకి వచ్చిందనుకుని లోతును పావు కిలోమీటరు తగ్గించేస్తుంది. అయస్కాంత కొలతలు ఆదుకునేది ఇక్కడే. ఇసుకరాయీ ఒండ్రూ వాటికి దాదాపు అందవు, నల్లరాయి మాత్రం దొరికిపోతుంది. అది ఎంత దూరం పరుచుకుందో వాటి నుంచి కట్టి, దాని బరువును లాగుడులోంచి తీసేసి, మిగిలినదానితో కొండరాయి లోతు లెక్కకడతారు. అయితే అదే నల్లరాయి బలమైన అయస్కాంతం కాబట్టి తన కింద ఉన్న కొండరాయి అయస్కాంత గుర్తును కప్పేస్తుంది. అక్కడ మళ్లీ లాగుడే దిక్కు. ఒకదానికి చేతకానిచోట రెండోది పనిచేస్తుందన్నమాట. అందుకే రెండింటినీ ఒకే నేలకు ఒకేసారి సరిపెట్టాలని చూస్తారు.

ఇంకొక చిక్కు మన ప్రాంతానికే ప్రత్యేకం. సింగరేణి బొగ్గు ఉన్న ప్రాణహిత గోదావరి లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, చింతలపూడి వైపుగా దిగివస్తుంది. తణుకు గట్టు, దాని పక్క లోయలు మాత్రం తీరం వెంట, ఈశాన్యం నుంచి నైరుతికి పోతాయి. రెండూ మన డెల్టా తలదగ్గర ఎదురుపడతాయి. ఒకే దిశలో సాగే లోయ అయితే అడ్డంగా ఒక కోత గీసి లెక్కకడితే చాలు. ఇక్కడ అలా కుదరదు, అన్ని వైపులా దిమ్మెలు పేర్చాల్సిందే. ధవళేశ్వరం చుట్టుపక్కల నేల లెక్క కోనసీమ మధ్యలో కంటే కష్టం కావడానికి ఇదొక కారణం.

‘కంప్యూటర్ తప్పు చెబితే?’ అని నువ్వు అడగబోతున్నావని తెలుసు. కొన్ని తప్పులు పటంలోనే తెలుస్తాయి. లెక్క అంతా అయ్యాక కొలిచినదానికీ నమూనాకూ మిగిలిన తేడాను ఊరూరా వేసి చూస్తారు. తేడాలు ఇక్కడొకటి అక్కడొకటి చెదిరి ఉంటే అవి కొలతల్లో వచ్చే మామూలు పొరపాట్లు. పక్కపక్కనున్న నాలుగైదు ఊళ్లలో తేడా ఒకే వైపు ఉంటే, అక్కడ నేలలో మనం ఊహించనిది ఏదో ఉంది: ఒక నల్లరాయి పలక, ఒక పగులు, లేదా మనం వేసిన సాంద్రత తప్పు. అప్పుడు గ్రావిమీటర్ తీసుకుని మళ్లీ ఆ ఊళ్లకే వెళ్తారు. మొదటిసారి రెండు కిలోమీటర్లకు ఒకచోట కొలిచి ఉంటే ఈసారి రెండు వందల మీటర్లకు ఒకచోట, చేలగట్ల మీద, కాలవ ఒడ్డున, బడి ఆవరణల్లో నిలబడి కొలుస్తారు. మీ బడికి కూడా ఎప్పుడైనా అలాంటివాళ్లు వస్తే, పరికరం ఆడకుండా నిలిచేదాకా దూరంగా నిలబడి చూడు. రీడింగు రాసుకున్నాక ఎంత వచ్చిందో అడుగు. 9 లక్షల 78 వేలు దాటిన ఆ అంకెలో చివరన ఉన్న చిన్న తేడాల కోసమే వాళ్లు వచ్చారని నీకిప్పుడు తెలుసు.